బిల్దదు నేర్పిన వినయం

మా సంఘాల్లో ప్రార్థన ఎలా మొదలవుతుందో తెలుగు క్రైస్తవులకు చెప్పనక్కరలేదు. "ప్రభువా, నేను మట్టిని, ధూళిని, పురుగును, నీ సన్నిధిలో నిలబడడానికి యోగ్యత లేనివాడిని" అంటూ ఒక వరుస సాగుతుంది. ప్రార్థనాపరులని పేరున్నవారి నోట ఆ వరుస ఇంకా పొడవుగా ఉంటుంది. విన్నవారు "ఎంత తగ్గింపు గల మనిషో!" అనుకుంటారు. ఆ మాటల్లో అబద్ధం ఉందని నేను అనను. దేవుని మహిమ ముందు మనిషి చిన్నవాడే. ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా ఆ మాట ఎక్కడా తడబడదు. నా పేచీ వేరే చోట ఉంది. తన చిన్నతనాన్ని ఒప్పుకున్న మనిషి ఆ తరవాత ఏం చేయాలి? "నోరు మూసుకోవాలి" అన్న జవాబు మన మధ్య స్థిరపడిపోయింది. అది బైబిలు చెప్పే జవాబు కాదు. పైగా ఆ జవాబు చెప్పినవాళ్లను దేవుడే తప్పుపట్టిన సందర్భం ఒకటి బైబిలులో ఉంది.

మనిషి పురుగులాంటివాడన్న బోధ ఎవరిదో చూడండి. యోబు గ్రంథం 25వ అధ్యాయంలో షూహీయుడైన బిల్దదు మాట్లాడతాడు. మొత్తం ఆరు వచనాలు. అధికారమూ భీకరత్వమూ దేవునివి, ఆయన సేనలకు లెక్క లేదు, ఆయన కళ్లకు చంద్రుడే కాంతిగలవాడు కాడు, నక్షత్రాలే పవిత్రం కావు, ఇక పురుగులాంటి నరుడు ఏపాటి? విడిగా తీసి చదివితే ఇది గొప్ప స్తోత్రం. ఏ ఆదివారం ఆరాధనలోనైనా చదవవచ్చు, అందరం ఆమెన్ అనవచ్చు. అయితే బిల్దదు ఎదుట కూర్చున్నది ఎవరు? పదిమంది పిల్లలను ఒక్కరోజులో పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో, బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటున్న మనిషి. "ఎందుకు?" అని అడుగుతున్న మనిషి, యోబు. బిల్దదు దేవుని మహిమను అంత ఎత్తుకు ఎత్తింది ఆ ప్రశ్న మీద పడేయడానికే.

గ్రంథం చివర దేవుడు తీర్పు చెబుతాడు. యోబు దగ్గరికి వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడైన ఎలీఫజుతో అంటాడు: నా కోపం నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా మండుతోంది, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు. ఆ ఇద్దరిలో బిల్దదు ఒకడు. ఏడు ఎడ్లనూ ఏడు పొట్టేళ్లనూ తీసుకుని యోబు దగ్గరికే వెళ్లండి, అతడు మీ కోసం ప్రార్థన చేస్తాడు అని కూడా అంటాడు. దేవుని పక్షాన వకాల్తా పుచ్చుకున్నవాళ్లకు దేవుని దగ్గర సిఫారసు కావలసి వచ్చింది. అదీ వాళ్లు పాపి అని నిందించిన మనిషి చేత.

మరి ఆ యోబు ఏం పలికాడు? మన లెక్కలో అతడి మాటలు వినయం కిందికి రావు. తాను పుట్టిన రోజును శపించాడు. దేవుడు నిర్దోషులనూ దుష్టులనూ ఒకేలాగు నాశనం చేస్తాడన్నాడు. సర్వశక్తుడితో వాదించాలని ఉందన్నాడు. తన వాదం అంతా ముగించి "ఇదిగో నా చేవ్రాలు, సర్వశక్తుడు నాకు ఉత్తరమివ్వాలి" అని పట్టుబట్టాడు. వీటన్నిటికంటే ఘాటైనది ఏడో అధ్యాయంలో ఉంది. ఎనిమిదో కీర్తన మనకు కంఠస్థం: నీ చేతిపనియైన ఆకాశాన్ని చూస్తే, నువ్వు జ్ఞాపకం చేసుకోవడానికి మనిషి ఏపాటివాడు? ఆ స్తుతినే యోబు అందుకుని తిరగేస్తాడు. మనిషి ఏపాటివాడని నువ్వు అతణ్ణి ఇంతగా పట్టించుకుంటావు, ప్రతి ఉదయం దర్శిస్తావు, క్షణక్షణం పరీక్షిస్తావు? నా ఉమ్మి మింగేంత సేపు కూడా నన్ను విడిచిపెట్టవా? దేవుడు మనిషిని తలచుకోవడం కీర్తనలో ఆశ్చర్యం, యోబు నోట ఫిర్యాదు. ఏ ప్రార్థన కూడికలోనైనా ఎవరైనా ఇలా ప్రార్థిస్తే పక్కవాళ్లు గట్టిగా స్తోత్రం చెప్పి ఆ గొంతును ముంచేస్తారు. అయినా "యుక్తమైనది పలికాడు" అన్న ముద్ర పడింది ఈ మనిషికే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. యోబును కూడా దేవుడు గద్దించాడు కదా? గద్దించాడు. సుడిగాలిలోంచి వచ్చిన ఆ నాలుగు అధ్యాయాలను తేలిక చేసి చదివితే నేనూ బిల్దదు చేసిన పనే ఇంకో దిక్కునుంచి చేసినవాణ్ణి అవుతాను. "నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ నుంటివి?" అన్న ప్రశ్నతో మొదలై, సముద్రానికి తలుపులు మూసింది ఎవరు, కృత్తికలను కట్టగలవా, మృగశిర కట్లు విప్పగలవా అంటూ ప్రశ్న మీద ప్రశ్న పడుతుంది. నన్ను ఎప్పుడూ ఆపేది మాత్రం వీటిలో ఒక చిన్న వివరం. మనుషులెవరూ లేని ఎడారి మీద కూడా దేవుడు వాన కురిపిస్తాడు. ఎవరి పంట కోసమూ కాదు, ఎవరి ప్రార్థనకు జవాబుగానూ కాదు. కొండమేకలు ఈనే కాలం, ఊరి సందడిని చూసి నవ్వే అడవిగాడిద, గుడ్లను నేలమీద వదిలేసి పోయే నిప్పుకోడి, వీటిలో ఏదీ మనిషికి ఉపయోగపడేది కాదు. ఈ లోకం నీ చుట్టూ తిరగడం లేదు అని యోబుకు అర్థమయ్యేలా చెప్పడం అది. నీటిగుర్రాన్ని చూపించి, నిన్ను చేసినట్టే దాన్నీ చేశాను అంటాడు. నిజమైన తగ్గింపు ఇక్కడ ఉంది. పాపుల జాబితాలో చివర నిలబెట్టడం లేదు, ప్రాణుల మధ్య నిలబెడుతున్నాడు.

ఆ నాలుగు అధ్యాయాల్లో లేనివి కూడా గమనించాలి. "నీ రహస్య పాపం వల్లనే ఇదంతా" అన్న మాట లేదు. ముగ్గురు స్నేహితులూ ఇరవైకి పైగా అధ్యాయాలపాటు రుద్దిన సిద్ధాంతం దేవుని నోట ఒక్కసారి కూడా రాదు. యోబు అడిగిన ముఖాముఖి మాత్రం దొరికింది. దేవుడు వచ్చాడు, మాట్లాడాడు. మొదటి మాటల్లోనే "పౌరుషము తెచ్చుకొని నీ నడుము బిగించుకొనుము" అన్నాడు, రెండోసారి కూడా అదే అన్నాడు. పురుగుతో ఎవరూ నడుము బిగించుకోమని చెప్పరు. చివరికి యోబు తన నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు, నిజమే. కాని ఆ చెయ్యి యోబుదే. దేవుణ్ణి చూశాక తనంతట తాను పెట్టుకున్నది. అంతకుముందు స్నేహితులు ముగ్గురూ తమ చేతులు పెట్టడానికి చేసిన ప్రయత్నం అంతా వృథా అయింది. వినయానికీ అణచివేతకూ తేడా ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే ఆ చెయ్యి ఎవరిదో చూడమంటాను.

మా బంధువుల ఇంట్లో ఒక స్మారక కూడికకు వెళ్లాను. పోయినవాడు చిన్నవాడు, ఇంకా పెళ్లి కూడా కాలేదు. వాక్యం చెప్పిన పెద్దమనిషి తల్లిని చూస్తూ, "మట్టి ముద్ద కుమ్మరిని అడుగుతుందా అమ్మా? అడగకూడదు" అన్నాడు. మంచి మనిషే, మనసులో కల్మషం లేదు. ఆమె తల ఊపింది. నాకు మాత్రం ఆ మాట ఆమెకు ఓదార్పుగా కాక, ఓదార్చే పని తన మీద పడకుండా ఆయన వేసుకున్న గొళ్లెంగా వినిపించింది. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు మంచి స్నేహితులే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద కూర్చుని, అతడి బాధ ఎంతటిదో చూసి ఒక్క మాటైనా మాట్లాడలేదు. వాళ్ల వినయం అక్కడ నిజమైనది. నోరు విప్పి దేవుని తరఫున మాట్లాడడం మొదలుపెట్టాకే చెడింది.

కుమ్మరి మాట వచ్చింది కాబట్టి రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయం గురించి. "ఓ మనుష్యుడా, దేవునికి ఎదురు చెప్పుటకు నీవెవడవు?" అని పౌలు అక్కడ అన్నాడు. నా వాదానికి ఇంతకంటే బలమైన ఎదురుమాట లేదు. ప్రసంగి గ్రంథంలో "నీ మాటలు కొద్దిగా ఉండవలెను" అన్నది కూడా ఉంది, అయితే అది ఆలోచన లేని మొక్కుబళ్ల గురించి చెప్పిన మాట. పౌలు మాటను అలా పక్కన పెట్టలేం. కాని ఆ అధ్యాయాన్ని 20వ వచనం దగ్గర మొదలుపెట్టి చదవడం మన దురలవాటు. మొదటి వచనాల నుంచి చదివితే, తన స్వజనం రక్షణ పొందడం కోసం తానే క్రీస్తు నుంచి వేరై శాపగ్రస్తుడు కావడానికైనా ఇష్టపడతాను అంటున్న పౌలు కనిపిస్తాడు. ఇది మోషే పాఠం. ఇశ్రాయేలీయులు బంగారు దూడను పూజించిన తరవాత మోషే "వీళ్లను క్షమించు, లేకుంటే నీ గ్రంథంలో నా పేరు తుడిచేయి" అన్నాడు. భూమిమీద అందరికంటే సాత్వికుడని సంఖ్యాకాండం బిరుదు ఇచ్చింది ఈ మోషేకే. దేవునితో ఇంత గట్టిగా మాట్లాడినవాడికి ఆ బిరుదు ఎలా వచ్చిందని మనకు ఆశ్చర్యం కలగకపోవడమే ఆశ్చర్యం. పౌలు కుమ్మరి ఉపమానం వాడింది ఇశ్రాయేలును ఎన్నుకునే స్వేచ్ఛ దేవునిదని చెప్పడానికి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కన్నీళ్లకు మూత పెట్టడానికి దాన్ని వాడితే పౌలుకు కూడా అన్యాయం చేసినట్టే.

అబ్రాహాము సంగతి ఇంకా స్పష్టం. జర్మన్ వేదాంతి రుడాల్ఫ్ ఒట్టో, దేవుని సన్నిధిలో మనిషికి "నేను సృష్టించబడినవాణ్ణి, ఏమీ కానివాణ్ణి" అన్న భావం ఎలా కలుగుతుందో వివరిస్తూ 1917లో ప్రచురించిన పుస్తకంలో అబ్రాహాము మాటను ఉదాహరణగా చూపించాడు: "ధూళియు బూడిదెయునైన నేను ప్రభువుతో మాటలాడ తెగించుచున్నాను." ఒట్టో చెప్పిన భయభక్తుల వర్ణన గొప్పది. నాకు అభ్యంతరం లేదు. కాని అబ్రాహాము అప్పుడు ఏం చేస్తున్నాడు? బేరం ఆడుతున్నాడు. సొదొమలో 50 మంది నీతిమంతులుంటే ఊరిని కాపాడవా, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అప్పటికే అడిగేశాడు. ధూళినీ బూడిదనూ అన్న వెంటనే 45కు దించాడు. ఆపైన 40, 30, 20, చివరికి 10. చేపల బజారులో కూడా ఇన్నిసార్లు తగ్గించమని అడగడానికి మొహమాటపడతాం. ప్రతిసారీ దేవుడు ఒప్పుకున్నాడే తప్ప విసుక్కోలేదు. ధూళినన్న ఎరుక, నిలబడి అడిగే తెగువ, రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మన ప్రార్థనలు మొదటి సగం దగ్గర ఆగిపోతున్నాయి.

ప్రవక్తల దర్శనాల్లో కూడా ఇదే క్రమం. మహిమను చూసి యెహెజ్కేలు సాగిలపడగానే వినిపించిన మొదటి మాట, నరపుత్రుడా, చక్కగా నిలబడు, నీతో మాట్లాడాలి. రాజైన ఉజ్జియా చనిపోయిన ఏట యెషయా దేవాలయంలో సెరాపులనే దేవదూతలను చూసి అయ్యో నేను నశించాను అన్నాడు. నిప్పు పెదవులకు తగిలాక, నేనున్నాను నన్ను పంపు అన్నాడు. కఠినమైన సందేశం చేతికి రాగానే "ప్రభువా, ఎన్నాళ్ల వరకు?" అని ప్రశ్న కూడా వేశాడు. పేతురు కథ చూస్తే నవ్వు వస్తుంది. వలలు చినిగిపోయేలా చేపలు పడిన రోజు యేసు మోకాళ్ల ఎదుట పడి, నేను పాపాత్ముణ్ణి, నన్ను విడిచి వెళ్లు అన్నాడు. యేసు వెళ్లలేదు. చివరి రాత్రి, నా పాదాలు నువ్వు ఎన్నటికీ కడగకూడదు అన్నాడు. వినడానికి ఎంత వినయం! యేసు దాన్ని అంగీకరించలేదు. నేను కడగకపోతే నాతో నీకు భాగం లేదన్నాడు. దేవుడే తనను తాను రిక్తునిగా చేసుకుని దాసుని రూపం ధరించాడని నమ్మే మతంలో, ఆయన ఇస్తున్నదాన్ని "నాకు యోగ్యత లేదు" అంటూ తోసేయడం కూడా అహంకారంలో ఒక రకమే.

భక్తుడని పేరున్న పరిసయ్యుడూ, పన్నులు వసూలు చేసే సుంకరీ ప్రార్థించిన ఉపమానం తగ్గింపు గురించి ఎవరు బోధించినా తప్పక వస్తుంది. రొమ్ము కొట్టుకుని, పాపినైన నన్ను కరుణించు అన్న సుంకరి నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడు. దానికి సరిగ్గా ముందు లూకా పెట్టింది ఎవరి కథ? న్యాయాధిపతి విసిగిపోయేదాకా వెంటపడి తన న్యాయం తాను రాబట్టుకున్న విధవరాలి కథ. ఒకే అధ్యాయం, ప్రార్థన గురించే రెండు ఉపమానాలు. సుంకరి మీద ప్రసంగాలు లెక్కలేనన్ని విన్నాను. విధవరాలిని "విసుగక ప్రార్థించాలి" అన్న ఒక్క ముక్కతో పంపేస్తారు, ఆమె అడిగింది న్యాయం అన్న సంగతి ఎవరూ ఎత్తరు.

ఇదంతా వాక్య పఠనం గురించిన తగాదా మాత్రమే అయితే ఇంత పొడవు రాయను. దేవుని ముందు తగ్గింపును మనుషుల ముందు తగ్గింపుగా మార్చే పని మన మధ్య రోజూ జరుగుతోంది. సంఘం లెక్కలు అడిగినా, బోధకుడి నడవడి గురించి నోరెత్తినా ఒక వచనం బయటికి వస్తుంది: "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు." అడిగినవాడు గర్విష్ఠి అయిపోతాడు. ఈ వచనం 105వ కీర్తనలోది. అక్కడ అభిషిక్తులు ఎవరు? కొద్దిమందిగా, పరదేశులుగా, ఒక దేశం నుంచి మరో దేశానికి తిరుగుతూ ఉన్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. ముట్టవద్దని దేవుడు గద్దించింది ఎవరిని? రాజులను. దిక్కులేని వలస మనుషులను అధికారం ఉన్నవాళ్ల చేతినుంచి కాపాడే వచనాన్ని, వేదికమీద పెద్ద కుర్చీలో కూర్చున్నవారికి కవచంగా తొడిగాం. ఇంతకంటే తలకిందులైన వాడుక నాకు తెలిసి మరొకటి లేదు.

మహిమను నిజంగా చూసినవారు ఏం చేశారో అపొస్తలుల కార్యాలలో ఉంది. రోమా శతాధిపతి కొర్నేలీ తన పాదాల మీద పడితే పేతురు అతణ్ణి లేవనెత్తి, నేను కూడా మనిషినే అన్నాడు. లుస్త్ర పట్టణంలో జనం ఎడ్లూ పూలదండలూ తెచ్చి పూజ చేయబోతే పౌలు, బర్నబాలు బట్టలు చింపుకున్నారు. ప్రకటన గ్రంథంలో యోహాను దేవదూత పాదాల దగ్గర రెండుసార్లు పడితే రెండుసార్లూ ఒకటే జవాబు: వద్దు, నేనూ నీతోటి దాసుణ్ణే, దేవునికే నమస్కరించు. దేవదూతే వద్దన్న మొక్కును మన దైవజనులు మందహాసంతో స్వీకరిస్తున్నారు.

తెలుగు నేలమీద ఈ సంగతికి ఇంకో బరువు ఉంది. 1876 నుంచి 1878 దాకా సాగిన మహా కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని ఒంగోలు ప్రాంతపు పేదలకు పని చూపించాడు. ఆశతో వచ్చేవాళ్లు చేరతారేమోనని కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. తరతరాలుగా తల వంచుకోవడం తప్ప మరొకటి అనుమతించని ఊళ్లనుంచి వచ్చినవారు. వాళ్లకు దేవుని మహిమ కొత్తగా నేర్పింది తల వంచడం అయి ఉండదు, అది వాళ్లకు ముందే బాగా వచ్చు. సర్వలోకానికి ప్రభువు ఒక్కడే అంటే ఊరి పెద్ద ప్రభువు కాడని కూడా అర్థం. అలా లేచిన మనుషుల మనవలకూ మునిమనవలకూ ఈనాడు వేదికలమీంచి మళ్లీ "అణిగి ఉండండి" అని బోధిస్తుంటే నాకు కోపం వస్తుంది, దాచుకోను. తరవాత దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో ఈ నాడినే పట్టుకున్నాడు. మీ ఆస్తిని బీదలకు ఇచ్చారు, మీ శరీరాలను కాల్చుకోవడానికి ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. దేవుని ముందు ఆయన మోకరించడంలో లోటు ఉందని ఎవరూ అనలేరు. తెల్ల మిషనరీల ముందు నిలబడడానికి ఆ మోకరింపు అడ్డం రాలేదు.

కాబట్టి "నేను ధూళిని" అని ప్రార్థించడం మానేయమని నేను అనడం లేదు. ఒక చిన్న మార్పు మాత్రం అడుగుతాను. మన భూస్థాపన కార్యక్రమాల్లో యోబు గ్రంథం నుంచి ఒకే వచనం చదువుతారు, "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను" అన్నది. అది యోబు మొదటిరోజు అన్న మాట. స్నేహితులు వచ్చి ఏడు రోజులు మౌనంగా కూర్చున్నాక అతడు అన్నవి మూడో అధ్యాయంలో ఉన్నాయి. 26 వచనాలు, నాలుగు నిమిషాల్లో చదివేయవచ్చు. అది కూడా చదవండి. చదివే పని దుఃఖంలో ఉన్న ఇంటివారికి ఇష్టమైతే వాళ్లకే ఇవ్వండి. చదవడం అయ్యాక దాని మీద వ్యాఖ్యానం చెప్పడానికి ఎవరూ లేవవద్దు.